కుడి చెవికీ మాట వినిపించేవాడు

అబ్దుల్లాపూర్‌మెట్ అనగానే రామోజీ ఫిల్మ్ సిటీ, అక్కడి సెట్లు గుర్తొస్తాయి. నాకు మాత్రం హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఓ మూల కూర్చునే సౌండ్ రికార్డిస్టు మీదే గౌరవం. గొంతు ఎడమవైపే వినిపిస్తే అతను మైకును తప్పుపట్టడు, ముందు జాక్ పిన్ను చూస్తాడు. దాని మీద ఒక్క గీతే ఉంటే అది మోనో. స్టీరియో సాకెట్‌లో పెడితే కుడి ఛానల్ ఎర్త్‌కు కలిసిపోయి మూగబోతుంది. రెండు గీతలున్నా నమ్మడానికి లేదు: బ్యాలెన్స్‌డ్ కేబులైతే కుడి ఎడమలు ఒకదానికొకటి తలకిందులై, ఒంటి స్పీకరున్న ఫోన్‌లో మాటే మాయమవుతుంది. అది పట్టుకునేది అనుభవమున్న చెవే! ఎడమవైపే రికార్డయినదాన్నీ పారేయనివ్వడు, ట్రాక్‌ను మోనో చేసి రెండు చెవులకూ అందిస్తాడు. మీ ఇంటి వేడుకకు ఇలాంటివాళ్లు వస్తే, మైక్ టెస్టింగ్‌కు అడిగిన ఆ కాస్త సమయం ఇవ్వండి.