కళాక్షేత్ర రంగస్థలమున మేలట్టూరు తెలుగు నాటకము

తెలుగు నాటక వాఙ్మయ చరిత్రమున తంజావూరునకు గల స్థానము సుప్రసిద్ధము. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు పోషించిన యక్షగానము మరాఠా ప్రభువగు శాహజీ కాలమున (1684–1712) గూడ తెలుగుననే వర్ధిల్లెను. ఆ యాస్థానములు అంతరించినవి. ఆనాటి గ్రంథములు పెక్కు సరస్వతీమహలు పుస్తక భాండాగారమున తాళపత్రములపై నిలిచియున్నవి. కాని ఆ సంప్రదాయమున జన్మించి, నేటికిని గజ్జెకట్టి యాడబడుచున్న తెలుగు నాటకము తంజావూరు మండలమునందలి మేలట్టూరు గ్రామమున సజీవముగా నున్నది. ఆ నాటకమే 1959లో చెన్నపట్టణమున ఒక లలితకళాశాల రంగస్థలము నెక్కి, పురజనుల కెల్ల దర్శనీయమయ్యెను. ఆ మార్పువలన నాటకమునకు కలిగిన లాభమెంత, నష్టమెంత యనునది తమిళదేశమున తరతరములుగా నివసించుచున్న తెలుగువారు విచారింపదగిన విషయము.

మేలట్టూరునకు అచ్యుతాబ్ధి యనియు నొక పేరు కలదు. నాయకరాజగు అచ్యుతప్ప బ్రాహ్మణ కుటుంబములకు దీనిని అగ్రహారముగా నొసగెనని చెప్పుదురు. త్యాగరాజస్వామికి సమకాలికుడగు వేంకటరామశాస్త్రి ఈ యూరివాడు. ప్రహ్లాద చరిత్రము, ఉషాపరిణయము, మార్కండేయ, హరిశ్చంద్ర, రుక్మాంగద మున్నగు నాటకము లాతని రచనలు. ఏటేట నృసింహ జయంతినాడు వరదరాజస్వామి గుడి యెదుట ప్రహ్లాద చరిత్రమును రాత్రి మొదలిడి తెల్లవారువరకు ఆడుదురు. ముందుగా కోణంగి గంతులు వేయుచు వచ్చును. వెనుక విఘ్నేశ్వరుని ముఖము ధరించిన బాలుడు ప్రవేశించును. ఆపైని పాత్రప్రవేశ దరువులతో ఒక్కొక్క పాత్ర తెరవెడలి వచ్చును. స్త్రీ పాత్రలను గూడ పురుషులే ధరింతురు. నృసింహుని ముఖము పూజలందుకొనునట్టిది. దరువు, ద్విపద, పద్యము, వచనము సర్వము తెలుగే. ఆడువారిలో పెక్కురు ఇంట తమిళము మాటాడువారు. వారు తెలుగు పాఠమును తమిళ లిపిలో వ్రాసికొని వల్లించి, తండ్రినుండి కుమారునకు అందించుచు వచ్చిరి. ఈ శ్రద్ధకు తెలుగుజాతి ఎంతయు ఋణపడియున్నది.

ఇక కళాశాల సంగతి. రుక్మిణీదేవి అరండేల్ 1936లో అడయారున కళాక్షేత్రమును స్థాపించిరి. పిమ్మట అది తిరువాన్మియూరునకు తరలెను. 1993లో పార్లమెంటు చేసిన శాసనముచే జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా గుర్తింపబడెను. ఇందలి లలితకళాశాల నేడు ఆమె పేరనే నడచుచున్నది. విద్యార్థులు నేర్చిన విద్యను నాలుగు గోడలనడుమ దాచక, ఉత్సవములు జరిపి ప్రజల యెదుట నిలుపుట ఈ సంస్థ పాటించిన నియమము. 1944లో కుట్రాల కురవంజి, 1947లో కుమారసంభవము, 1955 మొదలు రామాయణ నృత్యనాటకములు ఇట్లు ప్రదర్శింపబడినవి. తెలుగున, సంస్కృతమున కృతులు రచించిన మైసూరు వాసుదేవాచార్యులు ఆ రామాయణ భాగములలో కొన్నిటికి సంగీతము కూర్చిరి. ఈ వరుసలోనే 1959లో మేలట్టూరు భాగవతుల సహకారముతో ఉషాపరిణయము వెలసెను.

ఇందలి లాభము మొదట చెప్పుట న్యాయము. గ్రామమున ఒక కులమునకు, ఒక కుటుంబ పరంపరకు, అందును పురుషులకు మాత్రమే దక్కిన విద్య కళాశాలకు వచ్చినంతనే ఆడపిల్లల కందినది. దూరదేశములనుండి వచ్చిన విద్యార్థులకును అందినది. గుడి వీధిలో సంవత్సరమున కొక్కమారు కనబడు నాటకము నగరవాసులకు పరిచయమైనది. ఆహార్యము శుద్ధిపొందినది. అడవులు తీర్పు గలవైనవి. రాత్రియెల్ల సాగు కథ కొన్ని గంటలలో బిగువుగా ముగియునట్లు కూర్పబడినది. గ్రామమున ఆదరణ సన్నగిల్లిన దినములలో నగరపు గౌరవము ఈ కళకు అండయైనది. ఇవి చిన్న మేలులు కావు.

నష్టము మాటకు కలిగినది. మేలట్టూరున పాత్రధారి తన వచనమును తానే పలుకును. కళాశాల నృత్యనాటకమున పాట ప్రక్కనున్న గాయకులది, అభినయము నర్తకులది. పలుకు పాత్రనుండి వేరయ్యెను. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. ఆ పలుకు సభలోని పెక్కుమందికి అర్థము కాని శబ్దముగా మాత్రమే వినబడుచున్నది.

ఉషాకథయే ఇందుకు నిదర్శనము. బాణాసురుని కూతురు కలలో నొక సుందరుని చూచినది. చెలికత్తె చిత్రరేఖ రాజకుమారుల రూపములను వరుసగా వ్రాసి చూపినది. భాగవతమున ఉష ప్రద్యుమ్నుని చిత్రము చూచి సిగ్గుపడును. ఆపైని అనిరుద్ధుని చూచి మరల సిగ్గుతో తలవంచును. ఒకటి కాబోవు మామగారిని చూచిన సిగ్గు, రెండవది మనసిచ్చినవానిని చూచిన సిగ్గు. నిపుణయగు నర్తకి ఈ రెండింటిని కన్నులతో వేరుచేసి చూపగలదు. కాని మొదటి చిత్రము ఎవరిదో, అతడు ఈమెకు ఏమి కావలసినవాడో చేతులు చెప్పలేవు. దానిని మాటయే చెప్పవలెను. ఆ మాట తెలియనివానికి రెండు సిగ్గులును ఒక్కటియే. రసజ్ఞుడు చిరునవ్వు నవ్వవలసినచోట ప్రేక్షకుడు చేతివ్రేళ్ల సొంపును మాత్రమే చూచును.

నాట్యమునకు భాష అప్రధానమని కొందరు వాదింతురు. వాక్కు నాట్యమునకు శరీరమని చెప్పిన భరతుడు ఈ వాదము నొప్పుకొనడు. కళాక్షేత్రపు నాటకములే దీనికి జవాబు చెప్పును. కురవంజిలో సింగడు, సింగి ఆడుకొను చమత్కారములు తమిళ ప్రేక్షకునికి సూటిగా తగులును. రామాయణము సంస్కృతమైనను, ప్రతి ఘట్టమును చిన్ననాటనుండి యెరిగిన సభకు లోటు తోచదు. ఉషాపరిణయమునకు ఈ రెండు బలములును లేవు. కథ అంతగా పరిచితము కాదు, భాష తెలియదు. కనుక ఆ నాటకమే అన్నిటికంటె ఎక్కువగా మాటపై ఆధారపడియున్నది. ఆ మాటయే అన్నిటికంటె తక్కువగా వినబడుచున్నది.

లిపివలన గూడ కొంత హాని కలదు. తమిళ లిపిలో క–గ లకు, త–ద లకు వేరువేరు అక్షరములు లేవు. గాలియు కాలియు ఒకే రీతిగా వ్రాయబడును. దానము, తానము అనునవి చూపున ఒక్కటియే. సంగీత గ్రంథములలో అక్షరముపై అంకె వేసి ఈ భేదమును చూపు పద్ధతి కలదు. ఆ యంకె జారినచోట అర్థమును జారును. తెలుగు వచ్చినవాడు ప్రక్కనుండి సరిదిద్దనిచో పాడువారి దోషమని చెప్పుటకు వీలులేదు.

ఈ లోటు తీర్చు బాధ్యత ఒక్క కళాశాలదే యనుట ధర్మము కాదు. మేలట్టూరు కుటుంబములు తమకు ఇంటిభాష కాని దానిని కాపాడినవి. కళాశాల దానికి వేదిక నిచ్చినది. సభలో కూర్చుండి అర్థము గ్రహించు చెవిని ఈయవలసినవారు తమిళదేశపు తెలుగువారు. 2006 నాటి తమిళాభ్యసన శాసనము పిమ్మట ఈ రాష్ట్రపు పాఠశాలలలో తెలుగునకు గల స్థానము కుంచించుకొనిపోయినది. ఇంట తెలుగు మాటాడియు తెలుగు చదువలేని బాలబాలికలు పెరుగుచున్నారు. వారికి ప్రబంధ పద్యముకంటె దరువు సులభముగా పట్టుబడును, ఏలన అది పాట, సంభాషణము, కథ మూడును కలిసినది. ప్రదర్శనమునకు పూర్వమే పాఠశాలలో ఆ దరువులను అర్థముతో చదివించి, పిల్లలను సభకు తోడ్కొని పోయినచో, చిత్రరేఖ మాటకు నవ్వు ముందువరుసనుండి వినవచ్చును. ఆ నవ్వు విన్న నర్తకి మరునాడు మాటపై మరింత శ్రద్ధ వహించును. తెలుగు సంఘములు సాహిత్యమును తెలుగు, తమిళ లిపులు రెండింట, తాత్పర్యముతో ముద్రించి ప్రేక్షకుల కందించుట కష్టసాధ్యము కాదు.

కళాశాల తలుపులు ప్రజలకు తెరచియుండుట గొప్ప విషయమే. అయినను తెరచిన తలుపునుండి లోనికి ప్రవేశించు నాటకము ప్రేక్షకుని చేరవలెనన్నచో భాషకు గూడ ఒక వాకిలి తెరువవలెను. మేలట్టూరు భాగవతులు రెండు శతాబ్దులుగా ఆ వాకిటికడ దీపము నిలిపియుంచిరి. ఆ వెలుగున చదువుకొనుట ఇక తెలుగువారి వంతు.