సైక్లోన్: బలం చెప్పని మాట

తుపాను వార్త చెవిన పడగానే మనం మొదట అడిగేది గాలి ఎంత వేగంతో వీస్తుందని. ఇంగ్లీషులో గాలివానలకున్న పాత పేర్లు చాలావరకు ఆ ప్రశ్నకే జవాబులు. గేల్ అంటే జోరుగాలి, స్టార్మ్ అంటే అంతకు మించినది, హరికేన్ అంటే ఆపైన ఇక మెట్టు లేనిది. ఈ వరసలోకి 1848లో కలకత్తా నుంచి వచ్చి చేరిన ‘సైక్లోన్’ మాత్రం బలం సంగతి ఎత్తదు. గాలి ఏ తీరున తిరుగుతుందో చెప్పి ఊరుకుంటుంది. కావాలనే అలా ఊరుకునేట్టు తయారుచేశారు దాన్ని. వాతావరణ శాస్త్రంలో ఇంత ఆలోచనతో, ఇంత పొదుపుగా చెక్కిన మాట మరొకటి లేదని నా నమ్మకం.

చెక్కినవాడు హెన్రీ పిడింగ్టన్. వ్యాపార నౌకలు నడిపి, తర్వాత కలకత్తాలో స్థిరపడ్డాడు. అక్కడి ఎకనమిక్ జియాలజీ మ్యూజియానికి క్యూరేటర్‌గా, ఓడ ప్రమాదాలను విచారించే మెరైన్ కోర్టులకు అధ్యక్షుడిగా పనిచేశాడు. అమెరికాలో విలియం రెడ్‌ఫీల్డ్ 1821 నాటి తుపానులో చెట్లు ఏ ఊళ్లో ఎటు కూలాయో చూసి, గాలి సుడి తిరుగుతోందని 1831లో రాశాడు. కర్నల్ విలియం రీడ్ అదే విషయం మీద 1838లో పెద్ద పుస్తకమే వేశాడు. అది చదివాక పిడింగ్టన్ దృష్టి బంగాళాఖాతం మీద పడింది. ఓడల లాగ్ పుస్తకాలు సేకరించి, ఏ గంటకు ఏ ఓడ ఎక్కడుంది, గాలి ఏ దిక్కు నుంచి తగిలింది, బారోమీటర్ ఎంత దిగింది, అన్నీ పటం మీదికి ఎక్కించి ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వరసగా వ్యాసాలు రాశాడు. వాటిలో రెండోది 1839 నవంబరులో మన గోదావరి మొగ దగ్గరి కోరంగి రేవును ముంచిన తుపాను గురించి. ఆ రేవుకు అది మొదటి దెబ్బ కూడా కాదు. 1789 డిసెంబరులో ఒకదాని వెనక ఒకటిగా మూడు ఉప్పెన అలలు కోరంగిని తుడిచిపెట్టాయి.

లాగ్ పుస్తకాలతో పనిచేసేవాడికి పెద్ద చిక్కు పేర్లతోనే. ఒకే తుపానులో అంచున ఉన్న కెప్టెన్ గేల్ అని రాస్తాడు, నడిమికి దగ్గరైనవాడు హరికేన్ అంటాడు. పేరు బలాన్ని బట్టి ఉన్నంతకాలం ఒక తుపాను నాలుగు తుపాన్లుగా కనిపిస్తుంది. అందుకే చక్రమనీ, పాము చుట్ట అనీ అర్థాలున్న గ్రీకు మాటను పిడింగ్టన్ ఏరుకున్నాడు. ఎందుకు ఏరుకున్నాడో చెప్పిన కారణం నాకు మరీ ఇష్టం. గాలి సరిగ్గా వలయంలోనే తిరుగుతుందని ఈ మాట హామీ ఇవ్వదు, తిరగదనీ అనదు, చుట్టుకునే పోకడ ఉందని మాత్రం తెలుపుతుంది, అంతవరకు చాలు అన్నాడాయన. తుపానులో గాలి ఎలా కదులుతుందన్న వివాదం అప్పటికి తేలలేదు. గాలి వలయంగా తిరుగుతుందని రెడ్‌ఫీల్డ్ పక్షం, నాలుగు వైపుల నుంచీ నడిమికే దూసుకొస్తుందని జేమ్స్ ఎస్పీ పక్షం. చివరికి ఇద్దరూ కొంత కొంత నిజమే చెప్పారని తేలింది. గాలి తిరుగుతూనే లోపలికి చుట్టుకుపోతుంది. ‘వలయం’ అనే అర్థం గట్టిగా పలికే మాట పెట్టి ఉంటే అప్పుడే మార్చుకోవాల్సి వచ్చేది. పాము చుట్టకు ఆ ఇబ్బంది రాలేదు.

మాట పుట్టిన పుస్తకం పేరు ‘సెయిలర్స్ హార్న్‌బుక్’. ఒకప్పుడు ఇంగ్లండులో పిల్లలు అక్షరాలు నేర్చుకునే పలకను హార్న్‌బుక్ అనేవారు. అక్షరాల కాగితం మీద పలచగా చెక్కిన కొమ్ము రేకు కప్పేవారు. అంటే ఇది నావికుల పెద్దబాలశిక్ష. పిడింగ్టన్ ఆ పేరుకు తగ్గట్టు నిజంగానే రెండు కొమ్ము రేకులు పుస్తకంతో పాటు ఇచ్చాడు, భూమధ్యరేఖకు ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి. రేకు మీద ఒకదానిలో ఒకటి వలయాలు, వాటి వెంట గాలి బాణాలు. ఉత్తరపు రేకులో బాణాలు గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతాయి. ఓడ బంగాళాఖాతంలో ఉంది, గాలి ఉత్తరం నుంచి కొడుతోంది అనుకోండి. రేకును సముద్ర పటం మీద పరిచి, ఉత్తరం నుంచి వచ్చే బాణం మన ఓడ చోటు మీదికి వచ్చేదాకా జరపాలి. ఆ బాణం ఉండేది రేకు పడమటి అంచున. కనుక వలయాల నడిబొడ్డు మనకు తూర్పున పడుతుంది, తుపాను కేంద్రం ఆ వైపున ఉందన్నమాట. రేకు అడుగున పటం స్పష్టంగా కనబడుతుంది కాబట్టి ఒడ్డు ఎటుందో, పారిపోయే దారి ఎటుందో కూడా ఒక్క చూపులో తెలిసిపోతుంది. లెక్కలతో పనిలేదు. ఊగే ఓడలో, మసక దీపం కింద, తడిచేతులతో వాడే సాధనానికి ఇంతకన్నా మంచి రూపం ఊహించలేను. లోటు ఒకటుంది. రేకు మీద గీసినవి నికరమైన వలయాలు, గాలి మాత్రం లోపలికి ఒరుగుతుంది, అందువల్ల కేంద్రం దిక్కు కొంత తప్పుతుంది. ఆయన చేసిన పరికరం కన్నా ఆయన పెట్టిన పేరే ఎక్కువ కచ్చితం!

రూపం తెలియకపోతే ఏమవుతుందో ‘చార్లెస్ హెడిల్’ అనే ఓడ చూపించింది. 1845 ఫిబ్రవరిలో మారిషస్ దగ్గర తుపానులో చిక్కి, గాలి ఎటు నెడితే అటు పరుగు తీసింది. ఐదు రోజుల పాటు కేంద్రం చుట్టూ మళ్లీ మళ్లీ తిరిగింది. దాని లాగ్ పుస్తకం పిడింగ్టన్ చేతికొచ్చింది. గాలి చుట్టు తిరుగుతుందనడానికి ఓడే గీసిన బొమ్మ అది.

ఒడ్డున ఉన్నవాళ్లకూ ఈ రూపం ప్రాణాల సంగతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను, అంటే గాలి నెమ్మదించే నడిమి భాగం, విశాఖపట్నం మీదుగా వెళ్లింది. హోరు కాసేపు తగ్గి, మళ్లీ ఎదురు దిక్కు నుంచి మొదలైంది. గాలి తగ్గగానే తుపాను పోయిందనుకుని బయటికొచ్చేవాడికి బలం మాత్రమే తెలుసు, చుట్టు తెలియదు.

ఇప్పటి వాడుకలో ఈ మాట చాలా దూరం వచ్చింది. అట్లాంటిక్‌లో హరికేన్, వాయవ్య పసిఫిక్‌లో టైఫూన్, మన దగ్గర సైక్లోన్, మూడూ ఒకటే. శాస్త్రజ్ఞులకు అన్నిటికీ కలిపి ట్రాపికల్ సైక్లోన్. ఐరోపాలో నాలుగు చినుకులు రాల్చి పోయే అల్పపీడనాన్ని కూడా సైక్లోన్ అనే అంటారు, రూపం అదే కనుక. 1863లో ఫ్రాన్సిస్ గాల్టన్ ముందొక ‘యాంటీ’ చేర్చి, ఎదురు దిక్కున తిరిగే అధిక పీడనానికి పేరు పెట్టేశాడు. అమెరికా పల్లెల్లో ఒకప్పుడు టోర్నడోను సైక్లోన్ అనేవారు, శాస్త్రం ఒప్పకపోయినా.

మన వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. గాలి గంటకు 62 కిలోమీటర్లు, అంటే 34 నాట్లకు చేరితే అది ‘సైక్లోనిక్ స్టార్మ్’ అంటుంది. బలం చెప్పే పని స్టార్మ్‌ది, రూపం చెప్పే పని సైక్లోనిక్‌ది. పిడింగ్టన్ చేసిన పని విభజన చెక్కు చెదరలేదు. పత్రికల్లో, మాటల్లో మాత్రం సైక్లోన్ ఒక్కటే రెండు బరువులూ మోస్తూ భయంకరమైన గాలికి పర్యాయపదమైంది. కానీ అదే శాఖ వానాకాలంలో తరచూ చెప్పే ‘సైక్లోనిక్ సర్క్యులేషన్’లో భయం ఏమీ లేదు. మన పత్రికలు దాన్నే ఉపరితల ఆవర్తనం అని రాస్తాయి. ఆ ఆవర్తనం వార్త వచ్చిన రోజు రైతు ఆకాశం వైపు చూసేది ఒకటో రెండో మంచి వానల కోసం.