రొట్టె పట్టినవాళ్లు మళ్లీ వస్తారు

పండుగకు జనాన్ని ఒకసారి రప్పించడం కష్టమేమీ కాదు. మంచి వేదిక, దీపాలు, పేరున్న గాయకుడు ఉంటే చాలు. వచ్చినవాళ్లు మరుసటేడు తమంతట తామే రైలెక్కాలంటే ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. దీనికి నాకు తెలిసిన గట్టి జవాబు నెల్లూరు రొట్టెల పండుగ.

మొహర్రం నెలలో, బారాషహీద్ దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువులో జరుగుతుందది. 12 మంది అమరుల సమాధులున్న చోటు కనుక దర్గాకు ఆ పేరు. గంధ మహోత్సవం రాత్రిని పక్కన పెడితే, కూర్చుని చూసే వేడుక అక్కడ పెద్దగా లేదు. ఉన్నదల్లా నీళ్లలో దిగిన జనం, తల మీద కొంగు, చేతిలో మడిచిన రొట్టె.

కోరిక ఉన్నవాళ్లు రొట్టె పట్టుకుంటారు. తీరినవాళ్లు వచ్చి రొట్టె వదులుతారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, సొంతింటి రొట్టె, ఈ కాలంలో వీసా రొట్టె కూడా. ఎవరికేది కావాలో కేకేసి అడుగుతారు. ఉద్యోగం వచ్చినవాళ్ల చేతి నుంచే ఉద్యోగం రొట్టె అందుకోవాలి. అంటే పోయినేడు పట్టినవాళ్లు ఈ ఏడు రాకపోతే ఇచ్చేవాళ్లే ఉండరు. పండుగ నడవాలంటే జనం తిరిగి రావాల్సిందే. నాకు ఇందులో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ అమరికే.

చెన్నై నుంచి నా స్నేహితురాలొకామె ఫొటోల కోసం వచ్చింది. గట్టు మీదే ఉందామనుకుంది. పక్కనున్న పెద్దావిడ మాట కలిపి, నా స్నేహితురాలి అమ్మ ఆరోగ్యం సంగతి విని, చేయి పట్టుకుని నీళ్లలోకి దించింది. "మా ఆయనకి నయమైందమ్మా, ఈ రొట్టె తీసుకో. మీ అమ్మకీ నయమైతే వచ్చి ఇంకొకరికి ఇయ్యి" అంది. పేరడగలేదు, కులమడగలేదు, మతమడగలేదు. ఆ క్షణం నుంచి నా స్నేహితురాలికి ఆ ఊళ్లో ఒక పని మిగిలింది. మరుసటేడు రొట్టెలు కాల్చుకుని వచ్చింది. ఈసారి కెమెరా తేలేదు.

కోరిక తీరనివాళ్లు ఏం చేస్తారని అడిగేవాళ్లుంటారు. వాళ్లూ వస్తారు. మళ్లీ పట్టుకుంటారు. పిల్లల కోసం ఏటేటా సంతానం రొట్టె పట్టే ఆడవాళ్లను చూస్తే నా గుండె బరువెక్కుతుంది. అయినా తమలాంటి బాధే పడి బయటపడ్డ ఇంకో ఆడమనిషి ఎదురుగా నిలబడి "నాకూ ఇట్లానే ఆలస్యమైంది అక్కా" అని చెప్పే చోటు వాళ్లకు ఇంకెక్కడ దొరుకుతుంది? కోరిక ఎలా తీరిందో, నమ్మకం వల్లో వైద్యం వల్లో, నేను తేల్చలేను, తేల్చాలనీ లేదు. ఆ మాట చెప్పడానికి ఒక మనిషి ఊళ్లు దాటి రావడమే నాకు ముఖ్యం. 2020లో కరోనా కారణంగా భక్తులను అనుమతించలేదు. వదలాల్సిన రొట్టె మిగిలిపోయిందని మా బంధువులావిడ ఆ ఏడంతా ఎంత మథనపడిందో నాకు తెలుసు. వేదిక మీది పాట వినలేకపోయినందుకు ఎవరూ అంత బాధపడరు.

అందుకే దీన్ని ఇంకా ఆకర్షణీయంగా మార్చాలన్న ఆలోచనలు విన్నప్పుడు నాకు భయమేస్తుంది. రొట్టె చేతులు మారే ఆ నీటి జాగాను లైట్లకూ మైకులకూ అప్పగించకూడదు. ఖర్చు పెట్టాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. చెరువులో నీళ్లు శుభ్రంగా ఉండాలి. తడిసిన ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి సరిపడా గదులు కావాలి. ముసలివాళ్లు జారకుండా దిగేందుకు మెట్ల పక్కన పట్టుకోను కమ్మీలు కావాలి. మొహర్రం పూర్తిగా చాంద్రమాన లెక్కన వచ్చే నెల కాబట్టి పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. నెలవంకను బట్టి ఒక రోజు అటూఇటూ అయినా సరే, రాబోయే ఏటి తేదీలను రైలు టిక్కెట్లు తెరిచేలోపే తమిళం, కన్నడం, ఉర్దూల్లో కూడా ప్రకటిస్తే దూరం నుంచి రొట్టె వదలడానికి వచ్చేవాళ్లకు ఎంతో మేలు.