రాతి మోత తెలిసిన చేతులు

జోధ్‌పూర్‌లో మెహ్రాన్‌గఢ్ కోటను ఆనుకుని 70 హెక్టార్ల రాతినేల ఉంది. 2006లో ఆ కోట ట్రస్టు దాన్ని ప్రదీప్ కృషెన్ చేతిలో పెట్టేనాటికి అక్కడ ఎటు చూసినా సర్కారు తుమ్మే. 1930లలో అప్పటి మహారాజు విమానంలోంచి దీని విత్తనాలు చల్లించారని అక్కడ చెప్పుకుంటారు. మనమూ తక్కువ తినలేదు. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ కంప మన దేశంలో మొదట వేళ్లూనిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి. అది 1877 నాటి మాట.

కృషెన్ వృత్తి రీత్యా వృక్షశాస్త్రజ్ఞుడు కాదు. ‘మాసీ సాహిబ్’ తీసిన సినిమా దర్శకుడు, తర్వాత చెట్ల వెంట పడ్డారు. ఆయనకు మొదట ఎదురైన చిక్కు ఇది: సర్కారు తుమ్మను నరికితే చావదు. కాండం వేరుతో కలిసే చోట, నేల లోపల, నిద్రపోతున్న మొగ్గలుంటాయి. పైన గొడ్డలి పడగానే అవి మేలుకుని ఒక మానుకు బదులు పది కొమ్మలు లేపుతాయి. ఆ వేరు ముడిని తీసేస్తే తప్ప చెట్టు పోదు. మట్టినేలలో అయితే గడ్డపారతో తవ్వొచ్చు. ఇక్కడ వేళ్లు దిగింది అగ్నిశిల పగుళ్లలోకి. యంత్రం దిగితే కొండే పాడవుతుంది.

దారి చూపింది ఖండ్‌వాలియాలు. జోధ్‌పూర్ ఇసుకరాయి గనుల్లో తరతరాలుగా రాయి కొట్టే కులం వాళ్లది. సుత్తితో బండను తట్టి, ఆ మోతను బట్టి రాయి ఎక్కడ గట్టిదో, ఎక్కడ డొల్లో, పగులు ఎటు పోతుందో చెప్పేస్తారు. మన వడ్డెరల పని దగ్గరగా చూసినవారికి ఇందులో వింతేమీ తోచదు. పగులు వెంటే ఉలి నడిపి, మూరెడు లోతుదాకా గుంట తొలిచి, వేరు ముడిని కోసి బయటికి తీశారు. వందల చెట్లకు ఇదే వరస, ఒక్కొక్కటిగా. నన్నడిగితే ఈ తోటకు అసలు శాస్త్రజ్ఞులు వాళ్లే.

ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. తుమ్మ వేరు పట్టు దొరికించుకున్న చోటంటే నీటిచెమ్మ, చీలిక ఉన్న చోటని అర్థం. ఆ గుంటల్లోనే థార్ ఎడారి రాతినేలల మొక్కలు పెట్టారు: అక్కడివాళ్లు థోర్ అనే జెముడు, గోరుముళ్ల కుమటియా, పొదలు, గడ్డి. ఎడారిలో తిరిగి విత్తనాలు ఏరి నారు పెంచారు. పొడినేల మొక్కకు తడి ఎక్కువైనా ముప్పే, అందుకే ఏ మొక్క ఏ నేలను కోరుతుందో తెలుసుకోవడమే సగం పని. 2011లో ‘రావ్ జోధా డెజర్ట్ రాక్ పార్క్’గా దాన్ని జనానికి తెరిచారు.

మన ఊళ్లలో సంగతి వేరు. పేదింటి పొయ్యికి సర్కారు తుమ్మే కట్టె, బొగ్గుబట్టీకి అదే సరుకు. కాబట్టి ఊరంతా ఒక్కరోజులో పెరికేయమని చెప్పడం న్యాయం కాదు. అయితే చెరువు కట్ట మీద, మేతబీడులో, గుట్ట మీద కంప కొట్టిస్తున్నప్పుడు రెండు పనులు చేయించండి. కూలి లెక్క కొమ్మల మోపుకు కాక, పైకి తీసిన వేరు ముడికి కట్టండి. ఖాళీ అయిన గుంటలో ఆ వానకే చండ్ర, రేగు, బలుసు, నారేపలో ఆ నేలకు తగినదాన్ని నాటండి.