మన కావ్యములలో నింటివంట

ఆంధ్రకావ్యములందు భోజనవర్ణనములకుఁ గొఱఁత లేదు. పెండ్లి వచ్చినచోట విందు వచ్చును; విందు వచ్చినచోట బూరెలు, గారెలు, పాయసములు వరుసగా వచ్చును. విమర్శకులు వానిని జూచి "పట్టిక" యని తీసివేయుటయుఁ, బాఠశాలలలోఁ బండితులు "భక్ష్యవిశేషములు" అను నొక్కమాటతో దాఁటిపోవుటయు నాచారమైనది. ఈ యనాదరమునకుఁ గారణము లేకపోలేదు. ఆఁకలిగొన్నవాఁడు గాని వండినయామె గాని కనఁబడని విందు వట్టి పేరుల మూట. అందు రసము లేదు. అయితే యట్టి పద్యములతోఁ బాటు నిజమైన యింటివంట గల పద్యములనుగూడఁ ద్రోసివేయుట యన్యాయము. తిండి యెప్పుడు కవిత్వమగును, ఎప్పుడు పట్టికగా మిగులును అను ప్రశ్నను మూఁడు నాలుగు ప్రసిద్ధస్థలములఁ బట్టి విచారించుట యీ వ్యాసము యొక్క యుద్దేశము.

మొదట భాగవతమును జూతము. దశమస్కంధమున గోపబాలురు కృష్ణునితోఁ గూడి యిసుకతిన్నెపైఁ జల్దులారగించు ఘట్టము తెలుఁగువారిలోఁ బెక్కండ్రకుఁ గంఠస్థము. సంస్కృతమూలమునఁ బదుమూఁడవ యధ్యాయములోఁ గృష్ణుని యెడమచేత మెత్తని కబళమును, వ్రేళ్లనడుమ ఫలములును గలవని మాత్రమే యున్నది. పోతన యా కబళమును మీఁగడపెరుఁగు గలిపిన చల్దిముద్దగాఁ జేసెను. ఫలములను గొసరి తెచ్చుకొన్న యూరుఁగాయలుగాఁ జేసెను. ఇది చిన్న మార్పుగాఁ దోఁచును గాని చిన్నది గాదు. పండు అడవిలో దొరకును; ఊరుఁగాయ దొరకదు. అది యింటి జాడీలో నెలలకొలఁది యూరి, పెట్టు చేతిని బ్రతిమాలి తెచ్చుకొన వలసినది. చల్దియు నట్టిదే, రాత్రి వండిన యన్నమును దల్లి ప్రొద్దుట మూటగట్టి యిచ్చినదే చల్ది. కాఁబట్టి యడవినడుమ నా బాలుని వ్రేళ్లసందున నున్నది వట్టి కాయ గాదు, ఇల్లు. బాలురు తమతమ తిండి రుచిని నొండొరులకుఁ జూపి నవ్వుకొందురని మూలము చెప్పఁగా, మాటిమాటికి వ్రేలు మడిచి తోడివారి నూరించుచు నూరుఁగాయ దినువానిని బోతన సృష్టించెను. తెలుఁగుపల్లెలలోఁ జల్దిమూటతోఁ బసులవెంటఁ బోయినవాఁ డెవ్వఁడైన నీ పిల్లవాని నెఱుఁగును. పురాణకథ పాఠకుని బాల్యస్మృతియైన దిచ్చట.

పోతన చూపినది యిల్లు వెంటవచ్చిన తిండి. ఇల్లు దూరమైన తిండి శ్రీనాథునివిగాఁ జెప్పఁబడు చాటువులలోఁ గలదు. పలనాటిసీమలోఁ గలియు, అంబలియు, అన్నమును నన్నియు జొన్నలే యనియు, సన్నన్నము సున్న యనియు నొక చాటువు. పూతన విషమును, దావాగ్నిని మ్రింగితినని గర్వింపవలదు, చింతచిగురు గూర్చిన వేఁడి బచ్చలికూరతో జొన్నకూటి ముద్ద యొక్కటి దిగమ్రింగి చూపుమని కృష్ణునే సవాలు చేయునది వేఱొకటి. కన్నడదేశమున వెల్లుల్లియుఁ దెలికపిండియుఁ దిని, చల్లాయంబలి త్రావి, యింకను దయ రాలేదా యని కన్నడరాజ్యలక్ష్మిని మొఱపెట్టుకొన్నది మఱియొకటి. కర్తృత్వవిచారము నిచ్చటఁ బెట్టుకొనను. ఈ పద్యములు నేఁటికిని నవ్వు పుట్టించుచున్నవి. ఏలయన నందు నాఁకలియు, నాలుకయు, పరస్థలమును నున్నవి. పట్టికకు వీని జీవము లేదు.

అయినను నొక్క సంగతి విమర్శకుఁడు చెప్పక తప్పదు. ఇది యతిథి నాలుక చెప్పిన సాక్ష్యము మాత్రమే. అతఁడు వెక్కిరించిన జొన్నకూడు పలనాటివారికి బాల్యమునాఁటి తిండి, తల్లి చేతి ముద్ద. వరి పండని మెట్టనేలలో జొన్నను దంచి, చెఱిగి, విసరి, కలియో సంకటియో చేయుటలో నెంత యొడలిశ్రమ గలదో యా చాటువులలోఁ గానరాదు. 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు విడిచినపిదపఁ బలనాట వరిసాగు విరివియైనది. కాలము మాఱినను జాటువు మాఱలేదు. ఒక సీమవారి కింటి జ్ఞాపకమైనది మఱియొక సీమవారికి సామెతగా నిలిచినది. పాఠము చెప్పు పండితులు నవ్వించుటతోఁ బాటు నీ రెండవ పక్షమునుగూడఁ జెప్పుట న్యాయము.

ఇఁక వండినవారి మాట. మనుచరిత్రమునఁ బెద్దన ప్రవరుని యిల్లాలిని బ్రశంసించుచు, వేయిమంది వచ్చినను వండుట కలయదనియు, నామె యన్నపూర్ణకు సాటియనియు, నడురేయి నతిథులు వచ్చినను వలసినదెల్ల వడ్డించుననియుఁ జెప్పినాఁడు. పద్యము రమ్యము, ప్రవరుఁడు హిమవంతమున నిలువలేక యింటికై పరితపించుటకుఁ దగిన పునాది యిందుఁ బడినది. కాని యలసట లేని స్త్రీ దేవత యగును, మనుష్యురాలు గాదు. ఆమెను గవి మెచ్చినాఁడు, చూడలేదు.

చూచినవాఁడు శ్రీకృష్ణదేవరాయలు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుఁ డతిథులకుఁ బెట్టు భోజనమును రాయలు మూఁడు కాలములకు మూఁడు పద్యములుగా విభజించెను. వేసవిలోఁ జందనము పూసి నులివెచ్చని యన్నము, తియ్యని చారులు, పలుచని యంబళ్లు, చెఱకుపాలు, ఎడనీళ్లు, చివర నీరుచల్ల. చలికాలమునఁ గ్రొత్తబియ్యపుటన్నము, మిరియపుఁబొడితోఁ జుయ్యిమను నాఱని కూరలు, ముక్కునకు మందైన యావపచ్చళ్లు, చేయి చుఱుక్కుమను నేయి. వానకాలమునఁ గలమాన్నము, ఒలిచిన పప్పు, నాలుగైదు పొగపిన కూరలు, వడియములు, వరుగులు, పెరుఁగు. ఇవియుఁ బట్టికలే గదా యని యడుగవచ్చును. కావు, ప్రతివస్తువునకును ఋతువు కారణము. జడివానలోఁ బచ్చికూరలు దొరకవు గనుక నెండలు గాచిన దినములలో నెండఁబెట్టి దాఁచిన వడియములును వరుగులును బయటికి వచ్చినవి. ఆ పద్యములో నొక యేఁటి గృహకృత్యము దాఁగియున్నది.

అంతకంటె ముఖ్యమైనది వానపద్యమునందలి వంటచెఱకు. ముసురులోఁ గట్టె తడిసి పొగయును. అందుచే భార్య కన్నులలోఁ బొగ సొరకుండుటకై నారికేళపుఁ బొఱియలను రగిల్చి వంట చేయించినాఁడు. అతిథిసత్కారవైభవమును జెప్పుటకు నేయియుఁ బెరుఁగును జాలును. పొగమాట యక్కఱ లేదు. అక్కఱ లేనిచోట నామాట వచ్చుటయే కవి వంటయింటిలోని కన్నులను జూచినాఁడనుటకు సాక్ష్యము. 1509 మొదలు 1529 వఱకు సామ్రాజ్యము నేలిన ప్రభువు పొయ్యిముందఱఁ గూర్చున్న యిల్లాలి కంటినీటిని దలంచుట సామాన్యము గాదు. వేసవిపద్యమునను జలిపద్యమునను నామె మరలఁ గానరాదన్నదియు నిజమే. కాని యొక్కచోటఁ జూపిన చూపే పెద్దన ప్రశంసకుఁ బ్రత్యుత్తరముగా నిలువఁజాలును.

మఱియు విష్ణుచిత్తుని యింట నడురేయి చెవియొగ్గిన వినవచ్చు మాటలు గొన్ని రాయలు చెప్పినాఁడు. కూరలు పెక్కులు లేవు, వేఁడిగా లేవు, అప్పములు లేవు, అన్నము మేలైనది గాదు, దయతో భుజింపుఁడు అని గృహస్థు వేఁడుకొనుచున్నాఁడు. పలనాటి యతిథి నిందగాఁ బలికిన లేమి యిచ్చట గృహస్థు నోట వినయమైనది. ఒక్కటే "లేదు" రెండు నోళ్లలో రెండు రసములు. ఈ తారతమ్యమును విద్యార్థికిఁ జూపిన, అలంకారలక్షణములు పది చెప్పినదానికంటె మేలు.

తుదకు మాటల సంగతి. రాయలు చెప్పిన మిరియమును నేఁటి నాలుకతో మిరపకారమని చదువుట పొరపాటు. మిరప యమెరికాఖండమున పుట్టిన పంట. 1498లోఁ బోర్చుగీసువారు సముద్రమార్గమున వచ్చిన తరువాతనే యీ దేశమునఁ జేరినది. దాని పేరుగూడ మిరియమునుండి వచ్చినదే. వరుగు, అగప, ఓగిరము, నీరుచల్ల వంటి మాటలకు నిఘంటువు పర్యాయపదము నిచ్చును గాని చేయు తీరును జెప్పదు. ఆ తీరు నెఱిఁగినవారు పండితులు గారు, వారి యింటి పెద్దముత్తైదువలు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన వ్యవసాయపదకోశము రైతుల నోటినుండి మాటలను గ్రహించి కూర్చినది. వంటింటి మాటలకును నట్టి పద్ధతియే తగును. పాఠము చెప్పు ప్రతిపండితుఁడును దన యింటి పెద్దలనడిగి పది మాటల తీరు వ్రాసి పెట్టిన, ఆముక్తమాల్యదకుఁ గ్రొత్త వ్యాఖ్య సిద్ధమగును. పొయ్యిముందఱి పొగ నెఱిఁగినవారు చెప్పఁగా వ్రాసిన వ్యాఖ్యలోనే యా పద్యము పూర్తిగా వెలుఁగును.