కట్టె చెప్తది

మా బాపు బొగ్గుబాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసినచోట కప్పు కింద కర్ర ప్రాపు నిలబెట్టి, పైన చెక్కముక్క దూర్చి సుత్తితో బిగించడం ఆయన పని. ఇప్పుడు చాలాచోట్ల రూఫ్ బోల్టులొచ్చాయి. బాపుకు వాటి మీద గురి లేదు. ‘‘కట్టె ఇరిగే ముందు చెప్తది బిడ్డా, పటపటమంటది. ఉరకడానికి యాల్ల ఇస్తది. ఇనుము చెప్పది’’ అంటాడు.

అందుకేనేమో, మా ఇంట్లో కొయ్య అంటే బరువు మోసేదే. అన్నం స్టీలు పళ్లెంలో, పెండ్లి బంతికైతే మోదుగ ఇస్తారిలో.

మొన్న ఓ మిత్రుడు నెల్లూరు జిల్లా ఉదయగిరి నుంచి చెక్కపళ్లెం తెచ్చిచ్చాడు. అక్కడి చెక్క చెంచాలు, గరిటెలకు పెద్ద పేరు. నర్ది, బిక్కి, కల్ది లాంటి కొండకట్టెతో చేస్తారు. పళ్లెం అంచు చుట్టూ సన్నటి ఆకుల తీగ ఉంది. ఒకచోట ఉలి జారినట్టుంది, ఆ ఒక్క ఆకు మిగతావాటికంటే లోతుగా దిగింది. నాకు నచ్చింది ఆ ఆకే.

చెక్కపళ్లేనికి మర్యాద ఇచ్చినవాళ్లూ ఉన్నారు. పాపువా న్యూగినీలో తామి దీవులవాళ్లయితే ఒకే దుంగను పడవలా తొలిచి, నల్లబరిచి, చెక్కిన గీతల్లో సున్నం నింపుతారు. విందులో చేమదుంపలు వడ్డించేది ఆ పళ్లాల్లోనే. పెండ్లికి కన్యాశుల్కంగా పిల్ల తరఫువాళ్లకు ముట్టేవాటిలో అవీ ఉండేవి. సియాస్సీ దీవుల నావికులు వాటిని సముద్రం దాటించి పందులకు, కుండలకు మారకం వేసేవారు. మనం ఆ మర్యాదంతా ఇత్తడికీ కంచుకూ కట్టబెట్టి, బిందెల మీద పేర్లు కొట్టించుకున్నాం. కొయ్యకు కవ్వం, పప్పుగుత్తి మిగిలాయి. మా సింగరేణి పట్టీలో అది బాయిలోకి కూడా దిగింది.

పళ్లెంలో మొదట తిన్నది బాపే. వేళ్లతో అంచు తడిమి, ‘‘అన్నం సల్లారుతలేదే’’ అన్నాడు. నేను చేసిన తప్పల్లా కడిగి ఎండలో పెట్టడం. నీడన ఆరనిచ్చి, కాస్త నూనె రాయాలని తర్వాత తెలిసింది.

ఆ రాత్రి వేడివేడి పప్పుచారు పోశాను. మా జైపూర్‌లో 2016 నుంచి నడుస్తున్న 1,200 మెగావాట్ల కరెంటు ప్లాంటు హోరు మాకు అలవాటే, అందులో చిన్న చప్పుళ్లు కలిసిపోతాయి. అయినా పళ్లెం ‘టక్’మంది. ముద్ద చేతిలోనే ఆపి, బాపు ఇంటికప్పు వైపు చూశాడు.