అమ్మ దస్తూరీ, కంప్యూటర్ గీత

బొమ్మ గీసింది కంప్యూటరైతే ఇక ఆవిడ గొప్పేముందండీ అని వేరా మొల్నార్ పేరెత్తగానే అడుగుతారు. సబబైన ప్రశ్నే. జవాబు మాత్రం యంత్రంలో వెతికితే దొరకదు. ఆవిడ తల్లి రాసిన ఉత్తరాల్లో వెతకాలి.

మొల్నార్ 1924లో బుడాపెస్ట్‌లో పుట్టారు. 1947లో పారిస్‌కి వచ్చి స్థిరపడ్డారు. కంప్యూటర్ చేతికందక ముందే, 1959 నుంచీ, తానే ఒక యంత్రమైనట్టు ఊహించుకుని, నియమాలు రాసుకుని, వాటి ప్రకారం చేత్తో గీసేవారు. చుక్కల ముగ్గుకి లెక్క ఉంటుంది చూడండి, అలాగన్నమాట. 1968లో నిజం కంప్యూటరే దొరికింది. ఫోర్ట్రాన్ నేర్చుకున్నారు. వరసగా పేర్చిన చతురస్రాల్లోకి ఒక్క శాతం అస్తవ్యస్తం చొప్పించేవారు, పోపులో ఇంగువంత.

తల్లి వారం వారం ఉత్తరం రాసేది. పంక్తి ఎడమ పక్క కుదురుగా మొదలై, కుడివైపుకి వెళ్లేకొద్దీ అక్షరాలు చెదిరిపోయేవి. ఏళ్లు గడిచినకొద్దీ ఆ చెదరడం ఎక్కువైంది. ఆ దస్తూరీనే కూతురు కంప్యూటర్ చేత గీయించింది. తల్లి పోయాక కూడా ఆ ఉత్తరాలు తనకు తానే రాసుకుంది. 1981 నుంచి 1990 దాకా సాగిన ఈ ‘మా అమ్మ ఉత్తరాలు’లో చదవడానికి ఒక్క మాటైనా లేదు, అన్నీ వంకర గీతలే. అయినా చూస్తుంటే ఎవరో మనతో చెప్పుకుంటున్నట్టే ఉంటుంది.

ఇందులో యంత్రం వాటా వణుకు మాత్రమే. ఎక్కడ వణకాలి, ఎంత వణకాలి అన్నది ఆవిడ చెప్పింది. ఆ ‘ఎంత’ తెలియాలంటే ఏళ్ల తరబడి ఆ ఉత్తరాలు అందుకున్న కళ్లు కావాలి.

2023 జూలైలో, 99 ఏళ్ల వయసులో, మార్టిన్ గ్రాసర్‌తో కలిసి చేసిన 500 బొమ్మల్ని సోథబీస్ ఆన్‌లైన్‌లో అమ్మింది. కొన్న క్షణాన కోడ్ ఏది గీసిస్తే అదే మీది. రంగులు ఇంపుగా ఉన్నాయి, కూర్పూ చక్కనిదే. కాని నాకెందుకో ఆనలేదు. గీసినవాటిలోంచి బాగులేనిది తీసి అవతల పెట్టే చెయ్యి ఇక్కడ లేదు. ఏరివేత నియమంలోనే ఉందంటారు. ఉండొచ్చు. మంచి బియ్యం కొన్నా చేటలో పోసి చూసుకోమూ?

ఆ డిసెంబర్‌లోనే ఆవిడ కన్నుమూశారు. ఇంటర్నెట్‌లో ఆవిడ బొమ్మలు వెతికి చూడదలచినవాళ్లు ఆ 500తో మొదలుపెట్టకండి. ముందు ఉత్తరాలు చూడండి. తీరిగ్గా, ఎడమ నుంచి కుడికి.